నాలుగు లక్షల్లో కాలనీ భద్రత: కెమెరాలా, దీపాలా, గేట్లా, స్పీడ్ బ్రేకర్లా?

పోయినేడాది దసరాకి ముందు మా వీధిలో ఒకావిడ మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయారు. సాయంత్రం ఏడున్నర. పాలప్యాకెట్ కోసం బయటికొచ్చింది. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో బైకు మీద ఇద్దరు. ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగుకి ఎప్పుడూ మొహం చూపించనివాళ్ళు కూడా వచ్చారు. ఫండులో నాలుగు లక్షల చిల్లర ఉంది. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది: పదహారు కెమెరాలు పెట్టించాలి. ట్రెజరర్‌ని కాబట్టి కొటేషన్లు తెచ్చే పని నా మీద పడింది.

తెచ్చాను. అవి తెచ్చిన నెల రోజుల్లోనే నా మనసు మారింది. మాది హైదరాబాదు తూర్పు శివారులో నూట ఎనభై ఇళ్ళ కాలనీ. ఒక పక్క మెయిన్ రోడ్డు, ఇంకో పక్క నాలా, మధ్యలో చుట్టూ గోడ కట్టేసిన పార్కు. ఇలాంటి కాలనీ మన ఊళ్ళన్నిట్లోనూ ఉంటుంది, ఇలాంటి మీటింగూ జరుగుతుంది. అందుకే మేము దేన్ని దేనితో తూచామో, ఎక్కడ తప్పటడుగు వేశామో రాస్తున్నాను.

దేనికి భయపడుతున్నాం, దేనివల్ల దెబ్బ తింటున్నాం

ఇవి రెండూ ఒకటే అనుకుంటాం, కావు. 2022లో దేశం మొత్తం మీద హత్యలు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, దాదాపు ఆరు రెట్లు. అందులో నడిచి వెళ్తూ పోయినవాళ్ళే 32,825 మంది. అంటే దేశంలో హత్యకు గురైనవాళ్ళకంటే రోడ్డు పక్కన నడుస్తూ చనిపోయినవాళ్ళే ఎక్కువ. కానీ నడిచేవాళ్ళ కోసం ఎవరూ అత్యవసర మీటింగు పెట్టరు.

మా కాలనీకీ అదే లెక్క వేసి చూశాను. మూడేళ్ళలో ఏమేం జరిగాయో ఇంటింటికీ తిరిగి అడిగి ఒక నోటుబుక్కులో రాశాను. గొలుసు దొంగతనం ఒకటి, తాళం వేసిన ఇంట్లో చోరీ ఒకటి, బైకులు పోవడం రెండుసార్లు. ఇది ఒక పేజీ. రెండో పేజీలో మెయిన్ రోడ్డు మలుపు దగ్గర బైకు గుద్దడమో, తప్పించబోయి పడిపోవడమో ఏడుసార్లు. అందులో ఒక పెద్దాయనకి తుంటి ఎముక విరిగి ఆర్నెల్లు మంచం మీదే ఉన్నాడు. సెల్లార్లలోకి నీళ్ళు రావడం రెండుసార్లు. కుక్క కాట్లు చెప్పనక్కర్లేదు. ఈ రెండో పేజీలో దేనికీ కెమెరా పనికిరాదు. తుంటి విరిగిన దృశ్యం మాత్రం స్పష్టంగా రికార్డు అవుతుంది, అంతే.

మీరు కూడా కొటేషన్లకంటే ముందు ఈ రెండు పేజీలు రాసుకోండి. పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళని విషయాలే ఇందులో ఎక్కువ ఉంటాయి కాబట్టి, ఇంటింటికీ వెళ్ళి అడగడం తప్ప ఇంకో దారి లేదు.

రాత్రి నడక: పైసా ఖర్చు లేనిది

రాత్రిపూట ఆడవాళ్ళు గుంపుగా నడిచి, ఎక్కడ భయం వేస్తోందో రాసుకునే పద్ధతి 1989లో కెనడాలోని టొరంటోలో మొదలైంది. ఢిల్లీలో జాగోరి అనే మహిళా సంస్థ దాన్ని మన వీధులకి తగ్గట్టు మార్చుకుంది. 2013లో వచ్చిన సేఫ్టీపిన్ యాప్ కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది. వెలుతురు ఉందా, చుట్టూ కనిపిస్తోందా, పక్క ఇళ్ళ కిటికీల్లోంచి మనం వాళ్ళకి కనిపిస్తామా, మనుషులు తిరుగుతున్నారా, వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది, నడవడానికి చోటు ఉందా, బస్సో ఆటోనో దొరుకుతుందా, మొత్తం మీద ఎలా అనిపిస్తోంది, ఇలాంటివే ప్రశ్నలు.

మేము ఒక శుక్రవారం రాత్రి ఎనిమిదికి బయల్దేరాం. ఆరుగురు ఆడవాళ్ళు, ఒక కాలేజీ అమ్మాయి, కర్ర పట్టుకుని నడిచే మా ఎదురింటి మామ్మగారు, నేను. నా పని స్తంభాల నంబర్లు రాసుకోవడం. పన్నెండేళ్ళుగా ఉంటున్న కాలనీ అది, అయినా సగం నాకు తెలియదు. నలభై రెండు స్తంభాల్లో పదకొండు వెలగడం లేదు. ఇంకో నాలుగు వెలుగుతున్నాయి గానీ కానుగ కొమ్మల మధ్యలో, వెలుతురంతా ఆకులకే. పార్కు గోడ వెంబడి ఎనభై అడుగులు ఇటు ఒక్క గుమ్మం లేదు, అటు ఒక్క కిటికీ లేదు. పుస్తెలతాడు పోయింది సరిగ్గా ఆ గోడ చివర.

కాలేజీ అమ్మాయి చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "అంకుల్, నేను ఈ వీధిలో రాను. బజ్జీల బండి ఉన్న వీధిలోంచి చుట్టూ తిరిగి వస్తాను. దూరమైనా అక్కడ జనం ఉంటారు." కాలనీ పెద్దలం ఆ బండిని తీయించాలని రెండుసార్లు అర్జీ పెట్టాం.

కెమెరాలా, దీపాలా

అసలు చర్చ ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం.

కెమెరాల వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. జరిగిన నేరాన్ని ఛేదించడంలో ఫుటేజీ పోలీసులకి నిజంగా పనికొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2013లో ప్రజా భద్రత చట్టం తెచ్చి, ఒకేసారి వందమంది చేరే దుకాణాలు, ఆసుపత్రులు, హాళ్ళ లాంటి చోట్ల కెమెరాలు తప్పనిసరి చేశారు. ఫుటేజీని 30 రోజులు దాచాలని కూడా అందులో ఉంది. హైదరాబాదులో 'నేను సైతం' పేరుతో పోలీసులు కాలనీలవాళ్ళ చేత, వ్యాపారుల చేత వేల కెమెరాలు పెట్టించారు. అందుకే మీటింగులో ఎవరైనా కెమెరా అనగానే అందరూ తల ఊపుతారు.

కానీ నేరం జరిగాక పట్టుకోవడం వేరు, జరగకుండా ఆపడం వేరు. ప్రపంచంలో నలభై ఏళ్ళపాటు కెమెరాల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని తేలింది. తగ్గుదల బాగా కనిపించింది కార్లు పార్క్ చేసే స్థలాల్లో. దాడులు, కొట్లాటల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. ఇంకో ముఖ్యమైన విషయం: ఎవరో ఒకరు కూర్చుని తెర చూస్తున్న చోట ఫలితం మెరుగ్గా ఉంది, ఊరికే రికార్డు చేసి వదిలేసిన చోట తక్కువ. ఇప్పుడు మీ కాలనీ కెమెరాల తెర ముందు ఎవరు కూర్చుంటారో చెప్పండి. మా పక్క కాలనీలో కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టె సెక్రటరీగారి ఇంట్లో, బట్టల బీరువా పైన ఉంది. ఆయన అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు మూడు నెలలు ఆ ఇంటికి తాళం. ఆ మూడు నెలల్లోనే ఒక బైకు పోయింది. ఆయన తిరిగొచ్చి చూస్తే హార్డ్ డిస్కు ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరికీ తెలియలేదు.

దీపాల సంగతి. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని లాటరీ తీసినట్టు ఎంచి, వాటిలో మాత్రమే కొత్తగా పెద్ద దీపాలు పెట్టి చూశారు. ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయి. ఆ దీపాలు మామూలు వీధి దీపాలకంటే చాలా ఎక్కువ కాంతివి, పైగా ఊరు న్యూయార్క్. మన దగ్గర అదే శాతం వస్తుందని నేను అనను. అయినా దీపానికి కెమెరాకి లేని సుగుణం ఒకటుంది. దొంగని ఆపినా ఆపకపోయినా గుంత కనిపిస్తుంది, కుక్క కనిపిస్తుంది, ఎదురుగా వచ్చే బండికి మనం కనిపిస్తాం. నా నోటుబుక్కులో రెండు పేజీలకీ పనికొచ్చేది ఇదొక్కటే.

పైగా చీకట్లో కెమెరా గుడ్డిదే. రాత్రి మోడ్‌లో మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. హెల్మెట్ పెట్టుకుని నంబరు ప్లేటు వంచుకున్నవాడికైతే పగలైనా ఒకటే. కాబట్టి కెమెరాయే కావాలన్నా ముందు దీపం కావాలి.

దీపాల్లో కూడా తప్పులు చేస్తాం. మేమూ చేశాం. పార్కు మూలన ఒక భారీ ఫ్లడ్‌లైట్ పెట్టించాం, స్టేడియంలా వెలిగింది. దాని కింద నుంచి పది అడుగులు దాటగానే ఇంకా కటిక చీకటి, కళ్ళు అలవాటు పడవు. ఎదురుగా ఉన్న ఇంటివాళ్ళు నిద్రపట్టడం లేదని గొడవ. కావలసింది ఒకచోట బోలెడు వెలుగు కాదు, వీధంతా సమానంగా పరుచుకున్న వెలుగు. ఫ్లడ్‌లైట్ తీసేసి అదే డబ్బుతో గోడ వెంబడి మూడు మామూలు దీపాలు వేయించాం. కొమ్మలు కొట్టించాం. పదకొండు చెడిపోయిన దీపాల్లో తొమ్మిదింటికి మా డబ్బు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. స్తంభాల నంబర్లతో సహా ఫిర్యాదు పెడితే మూడు వారాల్లో వచ్చి మార్చారు. "మా వీధిలో లైట్లు వెలగట్లేదు" అని రెండేళ్ళుగా ఫోన్లు చేస్తున్నాం, ఎవరూ రాలేదు. నంబరు రాసి ఇస్తే వచ్చారు.

ఒక మినహాయింపు. దీపం పెడితే మంచిదే కదా అని ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. మాకు నాలా గట్టు మీద ఒక అడ్డదారి ఉంది, బస్‌స్టాప్‌కి అయిదు నిమిషాలు కలిసొస్తుంది. అక్కడ లైట్లు వేయిద్దామన్నారు. ఆ దారిలో ఒక్క ఇల్లు లేదు, అరిచినా వినేవాళ్ళు లేరు. దీపం పెడితే జనం ధైర్యం చేసి అటు నడవడం మొదలుపెడతారు, ప్రమాదం మాత్రం ఎక్కడికీ పోదు. మనుషుల చూపు పడని చోట దీపం పెట్టడం కంటే ఆ దారి వద్దని చెప్పడమే నయం.

కెమెరాలు అసలు వద్దా అంటే, కావాలి. పదహారు కాదు, మూడు. కాలనీలోకి బండ్లు ఎక్కువగా వచ్చే రెండు దారుల దగ్గర నంబరు ప్లేటు కనిపించే ఎత్తులో చెరొకటి, పార్కింగు దగ్గర ఒకటి. కరెంటు పోతే నడిచే బ్యాకప్, ఏటా నిర్వహణకి ఒప్పందం, నెలకోసారి ఫుటేజీ తీసి చూసి సంతకం పెట్టే మనిషి, ఈ మూడూ రాతపూర్వకంగా ఉండాలి. కొటేషన్లో కెమెరా ధరే పెద్దగా రాస్తారు. కేబుల్, కూలి, రెండో ఏడాది రిపేర్లు కలిపితే లెక్క మారిపోతుంది. కెమెరా ఎవరి మిద్దె వైపు, ఎవరి బాత్రూమ్ కిటికీ వైపు తిరిగి ఉందో ఆ ఇంటి ఆడవాళ్ళని పిలిచి తెర మీద చూపించాకే బిగించండి. తర్వాత వచ్చే గొడవ దొంగతనం కంటే పెద్దది.

గేటు వేసుకోవాలా, వీధి తెరిచి ఉంచాలా

మీటింగులో రెండో డిమాండు గేట్లు. నాలుగు దారుల్లో మూడు మూసేసి, ఒకదాని దగ్గర వాచ్‌మన్ని పెడదామని.

మొదటి చిక్కు చట్టంతో. లేఅవుట్ మంజూరయ్యాక అందులో రోడ్లు స్థానిక సంస్థవి, మనవి కావు. మున్సిపాలిటీ రోడ్డుకి అడ్డంగా గేటు కట్టే హక్కు కాలనీకి లేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కొట్టేస్తారు, డబ్బు బూడిదలో పోసినట్టే. సొంత రోడ్లతో కట్టిన గేటెడ్ కమ్యూనిటీల సంగతి వేరు.

చట్టం పక్కన పెట్టినా నాకు గేటు నచ్చలేదు. మూడు దారులు మూస్తే ఆ మూడు వీధుల్లో అప్పటిదాకా తిరిగే జనం తగ్గిపోతారు. కూరగాయల బండి రాదు, స్కూలు పిల్లలు రారు. మన గోడకి బయట ఉన్న రోడ్డు నిర్మానుష్యం అవుతుంది, ఆ రోడ్డు మీదే మన ఇంటి ఆడపిల్ల ఆటో దిగి నడిచి రావాలి. గేటు లోపల మనం క్షేమం, గేటు దాకా రావడమే కష్టం. అంబులెన్సుకి ఏ గేటు తెరిచి ఉందో తెలియక చుట్టూ తిరిగిన సంగతి మా బంధువుల కాలనీలో జరిగింది, అయిదు నిమిషాలు పోయాయి. గుండెపోటు మనిషికి అయిదు నిమిషాలు చిన్న మాట కాదు.

వాచ్‌మన్ మీద నాకు గౌరవం ఉంది. కానీ రాత్రి పన్నెండు గంటల డ్యూటీ, పగలు ఇంకో చోట పని చేసే అరవై ఏళ్ళ మనిషి మీద నూట ఎనభై ఇళ్ళ భారం పెట్టడం న్యాయం కాదు. పెడితే ఇద్దర్ని పెట్టండి, కుర్చీతో పాటు టాయిలెట్ కూడా కట్టించండి.

మేము ఎంచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు దారి. పార్కు గోడని నడుము ఎత్తు దాకా ఉంచి, పైన కొట్టేసి గ్రిల్ పెట్టించాం. ఇప్పుడు లోపల నడిచేవాళ్ళకి వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్ళకి పార్కు కనిపిస్తుంది. రెండో పక్క ఒక చిన్న గేటు తెరిచాం. పార్కు మూసే వేళ ఆరున్నర నుంచి తొమ్మిదికి మార్చాం. ఇక బజ్జీల బండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళకీ హక్కులున్నాయి, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో నలభై శాతం మంది వాళ్ళ ప్రతినిధులే ఉండాలి. అర్జీ వెనక్కి తీసుకున్నాం. బండాయనతో మాట్లాడి, పార్కు గేటు పక్కన కొత్త దీపం కింద పెట్టుకోమన్నాం. "ఇన్నాళ్ళూ పొమ్మన్నారు, ఇప్పుడు రమ్మంటున్నారేంది సార్" అని అనుమానంగా చూశాడు. వచ్చాడు. రాత్రి పది దాకా అక్కడ నలుగురు ఉంటారు. చెత్తబుట్ట విషయంలో ఇంకా పేచీ నడుస్తోంది.

స్పీడ్ బ్రేకర్: వేస్తే సరిగ్గా వేయాలి

ఏడు ప్రమాదాలు జరిగిన మలుపు దగ్గర ఏదో ఒకటి చేయాలి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అంటే వేగం కొంచెం తగ్గించినా లాభం చాలా ఎక్కువ.

మన వీధుల్లో కనిపించే దిమ్మ, ఎవరో ఇంటి ముందు మిగిలిన కాంక్రీటు పోసి చేసింది, స్పీడ్ బ్రేకర్ కాదు. అది నడుము బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని మీదుగా గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా వెళ్ళొచ్చు, అంతకు మించితేనే కుదుపు. మన దిమ్మ అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు. పదితో వెళ్ళినా ఎగిరి పడతాం, గర్భిణిని తీసుకెళ్ళే ఆటోవాడు గుండె చేత్తో పట్టుకుంటాడు. రంగు లేని దిమ్మ రాత్రిపూట తనే ఒక ప్రమాదం.

నల్లా పసుపూ ప్లాస్టిక్ ముక్కలు బోల్టులతో బిగించేవి చవక. మెయిన్ రోడ్డు మీద లారీలు తిరిగే చోట ఏడాది తిరగకుండా ముక్కలు ఊడిపోతాయి, బోల్టులు మాత్రం పైకి తేలి టైర్ల కోసం ఎదురుచూస్తాయి. నా ఓటు వీటికి లేదు. లోపలి వీధుల్లో అయితే సరే. బడి ఎదురుగా గానీ గుడి ఎదురుగా గానీ ఉంటే రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపిన క్రాసింగ్ అన్నిటికంటే మేలు. బండి వేగం తగ్గుతుంది, నడిచేవాళ్ళు దిగి ఎక్కే పని ఉండదు. ఖర్చు మాత్రం ఎక్కువ. ఏది వేసినా కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగం, ట్రాఫిక్ పోలీసుల అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని దిమ్మ మీద ఎవరైనా పడితే అసోసియేషన్ మెడకి చుట్టుకుంటుంది.

వీటన్నిటికంటే ముందు ఉచితంగా చేయగలిగింది ఒకటి ఉంది. మలుపుకి అటూ ఇటూ అయిదు మీటర్ల లోపు బండ్లు ఆపనివ్వకండి. మా మలుపు దగ్గర టెంటు సామాన్ల ఆటో ట్రాలీ ఎప్పుడూ ఆగి ఉండేది, దాని వెనక నుంచి వచ్చే బైకు కనిపించేది కాదు. ఏడులో నాలుగు దాని పుణ్యమే అని తర్వాత అర్థమైంది. యజమానితో మాట్లాడటానికి రెండు టీలు అయ్యాయి.

ఫుట్‌పాత్ గురించి ఎక్కువ చెప్పను, అది కాలనీ ఫండుతో అయ్యే పని కాదు. కార్పొరేషన్‌ని అడిగేటప్పుడు మాత్రం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు కావాలని, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని అంకెలతో అడగండి. మోకాలెత్తు ఫుట్‌పాత్ కడితే దాని మీదికి మామ్మగారు ఎక్కలేదు, మళ్ళీ రోడ్డు మీదే నడుస్తుంది.

ఎంపికలో లేనివి: నీళ్ళు, నిప్పు

వీటిని కెమెరాలతో, దీపాలతో పోటీకి పెట్టకూడదు. ఇవి ముందు, మిగతావన్నీ తర్వాత. 2020 అక్టోబరు వానల్లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉంది. ఆ ఇళ్ళ గేట్లకి తాళాలు బాగానే ఉన్నాయి. నీళ్ళకి గేటుతో పనేముంది.

మీ కాలనీ పక్క నాలా మీద మూత లేని చోట్లు, జాలీ విరిగిన మ్యాన్‌హోళ్ళు వానాకాలానికి ముందే ఫొటోలు తీసి, దగ్గరి స్తంభం నంబరుతో ఇవ్వండి. ఇల్లు కొనబోతున్నవాళ్ళయితే చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) మ్యాపు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు ఖాళీ వదలాలి. హైదరాబాదు చెరువుల మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లోనే పెట్టింది.

నిప్పు సంగతి చెప్పాలంటే, 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు. ఆ ఇంటికి లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారి. మేము టేపు పట్టుకుని మా వీధులు కొలిచాం. కాగితం మీద ముప్పై అడుగుల రోడ్డు. ర్యాంపులు, మెట్లు, జనరేటర్లు, రెండు వైపులా కార్లు పోగా మిగిలింది పదకొండడుగులు. ఫైరింజన్ డ్రైవర్ అయితే అందులోకి వచ్చే ముందు దండం పెట్టుకోవాలి. అప్పటి నుంచి పార్కింగు ఒకవైపే. ఇది అమలు చేయడంలో వచ్చిన శత్రుత్వాలు కెమెరాలకి పెట్టే ఖర్చుకంటే ఎక్కువ. అయినా ఇదే మా మొదటి పని అయి ఉండాల్సింది.

ఊరి స్థాయిలో ఏం అడగాలి

కాలనీ ఫండు ఎంత తెలివిగా ఖర్చు పెట్టినా కొన్ని విషయాలు ప్లాన్ గీసే బల్ల దగ్గరే తేలతాయి. విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. ఆ తర్వాత ఊరు దాని గోడ దాకా పెరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండుమంది చనిపోయారు. ఫ్యాక్టరీ నిర్వహణ తప్పులు ఒక ఎత్తు. ప్రమాదకరమైన ట్యాంకుకీ పడకగదికీ మధ్య దూరం ఎవరూ కాపాడకపోవడం ఇంకో ఎత్తు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ ప్రాంతంలో పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేసిన ఘోరం కూడా గుర్తు చేసుకోండి. పెద్ద రోడ్డు కట్టాం, లారీలు ఆగే చోటు దానంతటదే పుట్టింది. దాని పక్కన స్కూటీ ఆపి వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారన్న ఆలోచన ప్లానులో లేదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ కొలంబియాలోని మెడెయీన్. ఒకప్పుడు హత్యలకి పేరుమోసిన నగరం. 2004లో కొండ మీది పేద బస్తీలకి రోప్‌వే వేసి మెట్రోతో కలిపారు. దాంతోపాటే దీపాలు, మెట్లు, కాలిబాటలు, లైబ్రరీలు ఆ బస్తీల్లో పెట్టారు. అలాంటివేవీ దక్కని బస్తీలతో పోల్చి చూస్తే, ఇక్కడ హత్యల రేటు తగ్గుదల 66 శాతం ఎక్కువ అని పరిశోధకులు లెక్కగట్టారు. మనకి రోప్‌వేలు అక్కర్లేదు. చివరి బస్సు రాత్రి తొమ్మిదికి కాక పదిన్నరకి ఉంటే, ఆ బస్‌స్టాప్ చీకటి గోడ పక్కన కాక మందుల షాపు ముందు ఉంటే చాలామట్టుకు సరిపోతుంది. ఇలాంటి కోరికకి ఖర్చు తక్కువ, కాబట్టి ఒప్పించడం తేలిక.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువు ఇస్తారు. అప్పుడు కాలనీ తరఫున సర్వే నంబరుతో, రోడ్డు వెడల్పుతో సహా ఒక కాగితం వేయండి. "మా ప్రాంతాన్ని అభివృద్ధి చేయగలరు" అన్న అర్జీని ఏ అధికారీ చదవడు.

మరి మీకు ఏది?

మీ రెండు పేజీల నోటుబుక్కు చూసుకోండి. వాహనాలు, సెల్లార్ సామాన్లు పోవడమే మీ బాధ అయితే పార్కింగు దగ్గర కెమెరా పెట్టండి, అది పనిచేసే చోటు అదే. అపార్టుమెంటువాళ్ళకి ఇదే వర్తిస్తుంది. గొలుసులు పోతున్నా, ఆడపిల్లలు చుట్టూ తిరిగి వస్తున్నా ముందు దీపాలు, ఆ తర్వాత గోడలు తగ్గించి జనాన్ని రప్పించడం. హైవే మీద ఉన్న ఊరయితే దొంగల సంగతి పక్కన పెట్టి, మొత్తం శక్తి వేగం తగ్గించడం మీద పెట్టండి, అక్కడ మీ పోరాటం రోడ్డు అధికారులతో. వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్ళు ఎక్కువున్న కాలనీలో డబ్బుతో కొనేది కాదు, పక్కింటి ఫోన్ నంబర్ల జాబితా, ఉదయం పాలప్యాకెట్ తీయకపోతే తలుపు కొట్టే ఒక మనిషి కావాలి.

మా నాలుగు లక్షలు చివరికి ఇలా అయ్యాయి. సగానికి కాస్త తక్కువ పార్కు గోడకీ గ్రిల్‌కీ. మూడు కొత్త దీపాలు, కొమ్మలు కొట్టడం. మూడు కెమెరాలు, రెండేళ్ళ నిర్వహణతో. హంప్‌కి అనుమతి రావడానికి అయిదు నెలలు పట్టింది, అది కార్పొరేషనే వేసింది, రంగు మాత్రం మాది. పదహారు కెమెరాల పార్టీ వాట్సాప్ గ్రూపులో ఇంకా నన్ను క్షమించలేదు. మొన్నటి వానలకి హంప్ మీద రంగు సగం కొట్టుకుపోయింది. ఈ ఆదివారం మీటింగులో మొదటి అంశం అదే.